మనం వెళ్తే మన్యానికి ఏం మిగులుతుంది?

అడిగిన ప్రశ్న ఇది: "డిసెంబరులో హైదరాబాద్ నుంచి పన్నెండు మంది ఆఫీసు స్నేహితులం అరకు, వంజంగి, లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. బాధ్యతగా పర్యటిస్తే స్థానికులకు లాభం, పర్యావరణానికి మేలు అని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నిజంగా మేలు జరుగుతుందా? లేక మనం వెళ్లి చెత్త పోసి రావడానికే అందమైన పేరు పెట్టారా? మేలు జరగాలంటే మేం ఏం చేయాలి?"

మన్యంలో ఊరివాళ్లే నడుపుకునే విడిదులకు లెక్కలు రాయడం, వంటవాళ్లకూ గైడ్లకూ శిక్షణ ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. మేలు జరుగుతుందండీ. కాకపోతే దానంతట అది జరగదు. మీరు పెట్టే రూపాయి ఎవరి చేతిలో ఆగుతుందో చూసుకుని ఖర్చు పెడితేనే జరుగుతుంది. అడవి బాగుపడటం, గెడ్డ (కొండవాగు) శుభ్రంగా ఉండటం కూడా చాలావరకు ఆ రూపాయినే అంటిపెట్టుకుని ఉంటాయి. ఎందుకో చెబుతాను.

మామూలుగా జరిగేది ఇది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ట్రావెల్స్ ఆఫీసులో ప్యాకేజీ మాట్లాడుకుంటారు. అడ్వాన్సు అక్కడే కట్టేస్తారు. బండి విశాఖది, డీజిల్ విశాఖ బంకులోది. చిప్సు, కూల్‌డ్రింకులు, నీళ్ల కేసులు, ఇంకేవైనా సీసాలుంటే అవీ ఘాట్ ఎక్కకముందే కొనేస్తారు. పొద్దున బొర్రా గుహలు, మధ్యాహ్నం అరకులో బిర్యానీ. ఆ బియ్యం, కోడి, నూనె అన్నీ కింది నుంచి వచ్చినవే. సాయంత్రం గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చీకటి పడేసరికి మళ్లీ కిందికి. ఆ రోజంతట్లో ఒక గిరిజన కుటుంబానికి అందింది ఏమిటి? మొక్కజొన్న పొత్తు కాల్చి ఇచ్చినామెకు ఓ ఇరవయ్యో ముప్పయ్యో, గుహలో దారి చూపిన కుర్రాడికి మీకు తోచినంత. మిగతా డబ్బు అసలు కొండెక్కనే లేదు. కొండెక్కినవి బండి పొగ, కవర్లు, సీసాలు.

అదే పన్నెండు మంది ఒక ఊళ్లో రెండు రాత్రులు ఉన్నారనుకోండి. వంటకు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కావాలి. నాటుకోడి, రాజ్‌మా, చిలగడదుంప, అల్లం, పసుపు పక్క పెరళ్ల నుంచే వస్తాయి. కొండ చూపించడానికి ఒక గైడ్, తిప్పడానికి స్థానిక జీపు, దుప్పట్లు ఉతకడానికి ఒకరు. పొద్దున్నే కాఫీ తాగుతూ "ఈ తోట ఎవరిదమ్మా?" అని అడిగితే తోట చూపించి, వెళ్లేటప్పుడు అరకేజీ మిరియాలు కట్టి ఇస్తారు. అది షాపులో ధరకే కొన్నా, మధ్యలో దళారి లేడు కాబట్టి పైకమంతా వాళ్లదే. నన్నడిగితే, బాధ్యతగా పర్యటించడంలో మొదటి మెట్టు ప్లాస్టిక్ సంచి మానేయడం కాదు, రాత్రి అక్కడ ఉండటం. పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనం ఎంత పెరిగినా ఊరికి రద్దీయే పెరుగుతుంది, ఆదాయం పెద్దగా పెరగదు.

చిన్న ఉదాహరణ చెబుతాను, అరకు దారిలో మీరే చూస్తారు. నవంబరు, డిసెంబరుల్లో వలిసె చేలు పసుపు పచ్చగా పూస్తాయి. అవి పూలతోటలు కావు, నూనెగింజల పంట. ఒకప్పుడు బండ్లు ఆపి జనం చేలోకి దిగేవాళ్లు, మధ్యలోకి వెళ్లి ఫొటోలు దిగేవాళ్లు. తొక్కిన మొక్క గింజ కట్టదు. రైతు కేకలేస్తే "పూలేగా" అనేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల చేను చుట్టూ కర్రలతో దడి కట్టి, లోపల నడవడానికి సన్నటి దారి వదిలి, ముందు ఒక అట్టముక్క మీద మనిషికి ఇంత అని రాసి పెడుతున్నారు. దడి పక్కన కూర్చున్న అవ్వ చిల్లర తీసుకుని లోపలికి పంపుతుంది, దారి తప్పి మొక్కల్లోకి దిగినవాణ్ని అక్కణ్నుంచే గదమాయిస్తుంది. ఈ పని చేయమని వాళ్లకు ఏ శాఖా సర్క్యులర్ పంపలేదు. పంట నష్టం తగ్గింది, గింజ అమ్మకానికి తోడు పూత కూడా కాస్త డబ్బు తెచ్చింది. కొందరు యాత్రికులు ఆ పదీ ఇరవై దగ్గర బేరం పెడతారు, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ ధర అడగకుండా కొనేవాళ్లే వీళ్లు.

ఇక నేల సంగతి. ఇది తెలియకుండా మన్యం పర్యాటకం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు. అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి అన్నీ షెడ్యూల్డు ప్రాంతాలే, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన చోట్లు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో బిగించారు. దాన్నే అందరూ 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనకూడదు. లీజుకు తీసుకున్నా బదలాయింపు కిందే లెక్క. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు కూడా మీరు చూడబోయే బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద వచ్చిందే. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ఆ పోరాటం నడవకపోతే ఇవాళ గుహల చుట్టూ మీరు ఫొటో తీసే కొండలు ఎలా ఉండేవో ఊహించుకోండి. 2025 ఫిబ్రవరిలో, పర్యాటకం పేరుతో 1/70ని సడలిస్తారన్న అనుమానం వచ్చేసరికి ఏజెన్సీలో, అంటే ఈ మన్యం ప్రాంతంలో, రెండు రోజులు బంద్ జరిగింది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. పర్యాటకం అన్న మాట వింటే మన్యంలో కొందరు మొహం ఎందుకు చిట్లిస్తారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మరి చట్టం ఇంత గట్టిగా ఉంటే ఇన్ని రిసార్టులు, టెంట్ల క్యాంపులు ఎలా వచ్చాయంటారా? కొన్ని ప్రభుత్వానివి, కొన్ని నిజంగానే స్థానికులవి. మిగిలినవాటిలో బినామీవి ఉన్నాయన్నది ఏజెన్సీలో అందరికీ తెలిసిన రహస్యం. పట్టా ఒక గిరిజనుడి పేరున ఉంటుంది. పెట్టుబడి, బోర్డు, బుకింగ్ ఫోను నంబరు మైదానం నుంచి వచ్చినవాళ్లవి. పట్టాదారు ఆ క్యాంపులోనే వాచ్‌మన్‌గా కనిపిస్తాడు. అలాంటి చోట దిగితే మీరు ప్లాస్టిక్ స్ట్రా వాడకపోయినా ఒరిగేదేమీ లేదు. అందుకే బుకింగ్ చేసేటప్పుడు సిగ్గుపడకుండా అడగండి: స్థలం ఎవరిదండీ, నడిపేది ఎవరు, వంట ఎవరు చేస్తారు, మురుగునీరు ఎక్కడికి పోతుంది అని. నిజంగా ఊరివాళ్లు నడిపే చోట ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు, పైగా పేర్లతో సహా చెబుతారు. రెండో రకం వాళ్లు "మీకెందుకు సార్, ఏసీ ఉంది, డీజే ఉంది" అని మాట మారుస్తారు. పేరులో 'ఎకో' ఉందా లేదా అన్నది మాత్రం చూడకండి. ఆ మాట రాయడానికి పెయింటు ఖర్చు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఊరివాళ్లు నడపడం అంటే ఎలా ఉంటుందో మారేడుమిల్లి వైపు వెళ్తే తెలుస్తుంది. అక్కడ అటవీశాఖ వన సంరక్షణ సమితులతో (అడవిని కాపాడే ఊరి కమిటీలతో) కలిసి విడిదులు, అడవి నడకలు నడిపిస్తోంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిపించేదీ, పడవలు తిప్పేదీ చాలావరకు చుట్టుపక్కల మత్స్యకార పల్లెలవాళ్లే. నేను దగ్గరగా చూసిన ఒక చిన్న విడిదిలో పద్ధతి ఇలా ఉండేది: వంటా, గదులూ మహిళా సంఘానివి. గైడ్ పని ఇంటికొకరు చొప్పున వంతులవారీగా. ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద సుద్దతో రాసి ఉండేది. కూలి పోగా మిగిలిన దాంట్లో కొంత ఊరి ఉమ్మడి ఖాతాకు. నెలాఖరున లెక్క చదివి వినిపించేవాళ్లు. గొడవలు రాలేదా అంటే బోలెడు వచ్చాయి. "వాళ్లింటికి ఎప్పుడూ ఫారిన్ వాళ్లే వస్తారు, మాకు మాత్రం కాలేజీ కుర్రాళ్లు" అన్నది అన్నిటికన్నా పెద్ద గొడవ. అయినా ఉమ్మడి ఖాతా డబ్బుతో కొండ ఊట నుంచి ఊళ్లోకి పైపు వేసుకున్నాక, ఊటకు పైన ఉన్న చెట్టు మీద గొడ్డలి పడనివ్వడం మానేశారు. పర్యావరణ పాఠం ఎవరూ చెప్పలేదు. ఆ చెట్లుంటేనే నీళ్లు, నీళ్లుంటేనే అతిథులు అన్నది వాళ్లకు వాళ్లే లెక్క కట్టుకున్నారు.

అడవికీ ఆదాయానికీ ఉన్న ఈ ముడికి మన దేశంలో మంచి సాక్ష్యం కేరళలోని పెరియార్. అక్కడ అడవిలోకి చొరబడి అడవి దాల్చిన చెక్క ఒలిచి అమ్ముకునేవాళ్లు ఉండేవారు. కేసులు, జైళ్లు, మళ్లీ అడవి, ఇదే వాళ్ల బతుకు. 1990ల చివర్లో పర్యావరణ అభివృద్ధి పథకం కింద అటవీశాఖ వాళ్లతోనే ఒక కమిటీ కట్టించి, అడవి నడకలకు గైడ్లుగా పెట్టింది. అడవిలో ఏ మూల ఎవరు దాక్కుంటారో వాళ్ల కన్నా బాగా ఎవరికి తెలుసు? యాత్రికులను తిప్పుతూనే వాళ్లు గస్తీ కూడా కాశారు. అక్కడి ఆడవాళ్లు 'వసంత సేన' పేరుతో జీతం లేకుండానే అడవిలో గస్తీ తిరగడం మొదలుపెట్టారు. అదే కేరళలోని కుమరకంలో ఇంకో దారి. అక్కడ 2008లో ప్రభుత్వం బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టినప్పుడు, కుటుంబశ్రీ మహిళా సంఘాలు పండించిన కూరగాయలను పెద్ద హోటళ్ల చేత కొనిపించింది. బీడు పడ్డ పొలాలు మళ్లీ సాగులోకి వచ్చాయి. అది నచ్చి 2017లో రాష్ట్రమంతటికీ ఒక మిషన్ పెట్టుకున్నారు. మన దగ్గర అరకులో పెద్ద హోటళ్లు కనీసం అల్లం, పసుపు, రాజ్‌మా, కాఫీ అయినా చుట్టుపక్కల సంఘాల నుంచి తీసుకోవాలని నియమం పెడితే ఎవరు కాదంటారు? ఆ రాజ్‌మా చింతపల్లి వైపు పండేదే కదా.

ఇప్పుడు నష్టం వైపు వద్దాం. మేలు గురించే రాస్తే నేనూ ట్రావెల్ ఏజెంటునే అవుతాను.

వంజంగి సంగతి తీసుకోండి. పాడేరు దగ్గర ఆ కొండ మీద మేఘాల సముద్రం వీడియోలు ఫోన్లలో తిరిగాక, కొద్ది సీజన్లలోనే పేరు తెలియని ఊరు కాస్తా తెల్లవారుజామున ట్రాఫిక్ జామ్ అయ్యే చోటయింది. చలిలో వేడివేడి నూడుల్స్, టీ అమ్మే బడ్డీలు వచ్చాయి. స్థానికులకు అది ఆదాయమే, కాదనను. కానీ వాటి కాగితం కప్పులు, నూడుల్స్ కవర్లు, నీళ్ల సీసాలు కొండ వాలులో పడితే ఎత్తడానికి అక్కడ మునిసిపాలిటీ లేదు. ఎత్తినా వేయడానికి చోటు లేదు, కాలుస్తారు. పగిలిన బీరు సీసాల సంగతి ఇంకా ఘోరం. గెడ్డలో దిగి ఆడుకునే పిల్లలు చెప్పులతో దిగరు, మేకలకూ ఆవులకూ చెప్పులుండవు.

దీనికి మందు లేదా అంటే ఉంది. నీలగిరుల్లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2022 నుంచి మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిస్తున్నారు. అడవిలో సీసాలు పడేసేవాళ్లు తగ్గారు, పడేసినా ఏరుకునేవాళ్లు వచ్చారు. ఊటీకి, కొడైకెనాల్‌కు వెళ్లే బండ్లకు 2024 మే నుంచి ఈ-పాస్ కూడా తప్పనిసరి చేశారు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మానిపించి, డిపాజిట్ మీద గాజు సీసాలు ఇస్తే మనవాళ్లే బుద్ధిగా తిరిగిచ్చి డబ్బు తీసుకుంటున్నారు కదా. భూటాన్ అయితే 2022 నుంచి మన భారతీయుల దగ్గర కూడా రోజుకు 1,200 రూపాయలు రుసుము తీసుకుంటోంది. గొణుగుతూనే కడుతున్నాం. ఎన్ని బండ్లు రావాలి, రుసుము ఎంత ఉండాలి అన్నది వంజంగిలో కూడా గ్రామసభే తేల్చుకోవాలని నా అభిప్రాయం. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం (ఆ ప్రాంతాల పంచాయతీల చట్టం) ఇచ్చిన బలం ఉంది. దాన్ని పర్యాటకం విషయంలో వాడుకోవడమే తక్కువ.

కంటికి కనబడని నష్టాలు ఇంకా ఉన్నాయి. కొండ ఊళ్లు చాలావరకు ఊట నీటి మీద బతుకుతాయి. రిసార్టు వాళ్లు బోరు వేసి, గదికో షవరు పెట్టి, వాడిన నీళ్లు గెడ్డలోకి వదిలితే కింది ఊరికి వేసవిలో కష్టమే. రాత్రి చలిమంట అందరికీ సరదా. అయితే ప్రతి టెంటు ముందూ ఒక మంట అంటే ఎన్ని మోపుల కట్టెలో లెక్కేసుకోండి. పది టెంట్లకూ కలిపి ఒకే మంట వేయించండి, పాటలు కూడా అక్కడే బాగుంటాయి. బొంగు చికెన్ గురించి చెబితే నన్ను తిడతారేమో. అది రుచిగానే ఉంటుంది, నూనె కూడా ఉండదు. దానికి పచ్చి వెదురు కావాలి, ఒకసారి కాల్చిన బొంగు మళ్లీ పనికిరాదు. ఒకే పొదలో ఏడాదికేడాది లేత బొంగులు నరుకుతూ పోతే ఆ పొద నీరసిస్తుంది. కాబట్టి తినండి, కానీ మూడు పూటలా అదే వద్దు. బొర్రాలో సున్నపురాయి స్తంభాలను చేత్తో తాకకండి. చేతి జిడ్డు అంటుకున్న చోట నీటి బొట్టు నుంచి సున్నం సరిగా పేరుకోదు. వేల ఏళ్లుగా పెరుగుతున్నది అక్కడితో ఆగిపోవచ్చు. దీపాల వెలుగు పడేచోట పచ్చగా నాచు పట్టడం కూడా మీరే గమనించవచ్చు.

ఇంకో పెద్ద రిస్కు ఉంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పర్యాటకాన్నే నమ్ముకున్న ఇళ్లు గిలగిల్లాడాయి. కాఫీ, మిరియాలు, పసుపు ఉన్నవాళ్లు తట్టుకున్నారు. అందుకే శిక్షణల్లో నేను చెప్పే మాట ఒకటే: పర్యాటకం కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్టుకు అల్లుకున్న మిరియం పాదులాంటిది, ఆ చెట్టు కొట్టేసి పాదును నమ్ముకోవద్దు. దురదృష్టం ఏమిటంటే కాఫీ పండ్లు కోసే రోజులూ, యాత్రికులు ఎగబడే రోజులూ ఒకటే, నవంబరు నుంచి జనవరి. టెంట్ల దగ్గర రోజు కూలి ఎక్కువని కుర్రాళ్లు అటు పోతే తోటలో పండు రాలిపోతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పంట నిలబడాలి, ఎందుకంటే నీడ చెట్లు లేకుండా అక్కడ కాఫీ లేదు. తోట ఉన్నంతకాలం కొండ మీద చెట్టుంటుంది.

ఇక మీ ప్రయాణానికి వద్దాం. పన్నెండు మంది కాబట్టి మీకు బేరమాడే శక్తి ఉంది. దాన్ని ధర తగ్గించడానికి కాక, పద్ధతి మార్చడానికి వాడండి.

హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రి రైలు, అక్కడి నుంచి పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైలు ఎక్కండి. అద్దాల పెట్టె టికెట్లు దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి. సొరంగాలు, లోయలు అవే కనిపిస్తాయి. అరకులో దిగాక స్థానిక జీపులు మాట్లాడుకోండి. మూడు కార్లు హైదరాబాద్ నుంచి తోలుకెళ్లడం కన్నా ఇది చవక, ఘాట్‌లో టెన్షన్ ఉండదు, డ్రైవరుకు దారీ తెలుసు, ఊరూ తెలుసు. మూడు చోట్లా ఒక్కో పూట పరుగు పెట్టకుండా, రెండు చోట్ల రెండేసి రాత్రులు ఉండండి. నన్నడిగితే లంబసింగి, వంజంగి రెండింటిలో ఒకటి వదిలేయండి, మంచు రెండు చోట్లా ఒకటే. సెలవు దొరికితే క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఉండే రద్దీ వద్దు, వారం మధ్యలో వెళ్లండి. జనవరి చివర కూడా చలి బాగానే ఉంటుంది. రద్దీ లేని రోజుల్లో వచ్చే అతిథి ఊరికి ఎక్కువ ఉపయోగం, మీకూ గదులు ప్రశాంతంగా దొరుకుతాయి.

భోజనం ఒకరోజు ముందే చెప్పండి. పన్నెండు మందికి అప్పటికప్పుడు అంటే కింది నుంచి బ్రాయిలర్ కోడి తెప్పించడం తప్ప వాళ్లకు దారి లేదు. ముందే చెబితే ఊళ్లో దొరికేవి ఏరి వండుతారు. ఇంకో మాట: "మాకు అడ్డాకు విస్తళ్లలోనే వడ్డించండి" అని అడగండి. అడ్డాకులు అక్కడి అడవిలో ఆడవాళ్లు ఏరి, ఈనుపుల్లలతో కుట్టి అమ్ముకునేవి. థర్మకోల్ ప్లేటు వచ్చాక ఆ అమ్మకం పడిపోయింది. మీలాంటి నాలుగు గుంపులు గట్టిగా అడిగితే విడిది వాళ్లు థర్మకోల్ తెప్పించడం మానేస్తారు. తిన్న విస్తరి ఆవు ముందు వేయవచ్చు. నీళ్లకు ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోండి, కాచి చల్లార్చిన నీళ్లు నింపి ఇమ్మని అడగండి. ఎంత జాగ్రత్తపడినా కవర్లు మిగులుతాయి. వాటిని మూటగట్టి విశాఖకు తెచ్చి అక్కడి చెత్తబండికి ఇవ్వండి. "అక్కడే డస్ట్‌బిన్‌లో వేశాం కదా" అనుకోవద్దు. ఆ డబ్బా నిండాక అది వెళ్లేది విడిది వెనకాల గుంతలోకే.

కొనాలనుకుంటే వారపు సంతలో కొనండి. సంత ఏ రోజో జీపు డ్రైవరును అడిగితే చెబుతాడు. చింతపండు, పిప్పళ్లు, కొండచీపుర్లు, అల్లం అక్కడ అమ్మేవాళ్లు పండించినవాళ్లో, ఏరినవాళ్లో అయ్యుంటారు. తేనె, కాఫీపొడి విషయంలో అనుమానం ఉంటే గిరిజన సహకార సంస్థ దుకాణం నయం. 1956 నుంచీ ఆ సంస్థ గిరిజనుల దగ్గర నేరుగా కొంటోంది. రోడ్డు పక్క 'అరకు కాఫీ' ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఎంతుందో చదవండి.

ఇక థింసా, అంటే గిరిజనులు వరసకట్టి ఆడే నృత్యం గురించి. చైత్రంలో ఇటుకల పండక్కి ఊళ్లో తమ కోసం ఆడే ఆట అది. ఇప్పుడు చలిమంట దగ్గర మన కోసం కూడా ఆడుతున్నారు. అందులో తప్పేమీ లేదు, వాళ్లకు రాబడి. కానీ బృందానికి ఎంత అన్నది ముందే మాట్లాడి, పెద్దామె చేతికి కవర్లో పెట్టి ఇవ్వండి. ఆట మధ్యలో నోట్లు విసరడం, తాగి వెళ్లి వరసలో దూరడం, భుజం మీద చేయి వేసి సెల్ఫీ దిగడం చూసి చూసి విసుగొచ్చింది. పిలిస్తే వెళ్లి కాలు కదపండి, పిలుస్తారు కూడా. ఇళ్లల్లో, సంతలో ఎవరినైనా ఫొటో తీసేముందు "తీయొచ్చా అమ్మా?" అంటే చాలు. వద్దంటే వదిలేయండి.

చివరగా, మీ స్నేహితుల్లో ఎవరో పిల్లలకు పంచడానికి చాక్లెట్ల డబ్బాలు కొంటారు. ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. దయచేసి ఆపండి. బండి కనబడగానే బడి మానేసి రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లలు అలాగే తయారయ్యారు. ఏదైనా ఇవ్వాలనుంటే ఊరి బడి హెడ్‌మాస్టరుకు వెళ్లేముందే ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. వాళ్లు ఎక్కువగా అడిగేది నోటుపుస్తకాలు కాదు, చలికాలానికి దుప్పట్లు. పన్నెండు మంది కలిస్తే ఒక హాస్టల్ గదికి సరిపడా వస్తాయి. కొనేదేదో పాడేరు బజారులోనో అరకులోనో కొనండి, హైదరాబాద్ నుంచి మోసుకురావద్దు.